ఒకే నది ఒడ్డున రెండు ఊళ్లు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 55, మా ఆయనకు 62. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మేమిద్దరమే కలిసి ఊరు దాటింది లేదు. తిరుపతి వెళ్లినా, కాశీ వెళ్లినా వెంట పదిమంది ఉండేవారు. వచ్చే సెప్టెంబరులో పిల్లలు మమ్మల్ని యూరప్ పంపిస్తామంటున్నారు. మా అబ్బాయి ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ అనే ప్యాకేజీ చూశాడు. నాకేమో ఆస్ట్రియాలోని వియన్నా, హంగరీలోని బుడాపెస్ట్ రెండే నిదానంగా చూసి రావాలని ఉంది. ‘అంత డబ్బు పోసి రెండు ఊళ్లేనా?’ అని అందరూ అంటున్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పి. నేను మాంసం తినను, కేకులో గుడ్డు ఉంటే పట్టించుకోను. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజులు మేమిద్దరమే ఉంటే ఏం మాట్లాడుకుంటామో అని లోపల భయంగా ఉంది. ఏం చేయమంటారు? – ఒక సోదరి

సమాధానం: వెళ్లండి. మీరు అనుకున్న ఆ రెండు ఊళ్లకే వెళ్లండి.

వీసాకీ, తిండికీ, మోకాళ్లకీ దారులున్నాయి, చెబుతాను. ముందు మీరు ఎవరికీ చెప్పని ఆ భయం గురించి మాట్లాడుకుందాం. పిల్లల ఫీజులు, అత్తమామల మందులు, చుట్టాల పెళ్లిళ్లు, ఇంటి రిపేర్లు. ముప్ఫై ఏళ్లుగా మీ ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఎక్కువగా ఇవే అయ్యుంటాయి. ఇప్పుడు ఆ పనులు తగ్గాయి, మాటలూ తగ్గాయి. ఇది మీ ఇంట్లో మాత్రమే జరిగేది కాదు. రిటైరైన ప్రతి ఇంట్లోనూ కొన్నాళ్లు ఈ నిశ్శబ్దం ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది.

కొన్నేళ్ల కిందట నేనూ మా ఆయనా వియన్నా వెళ్లాం. మూడో రోజు ఒక ట్రాము ఎక్కి, అది ఎదురుదిక్కుకు పోతోందని అరగంటకు గాని తెలుసుకోలేదు. తప్పు నీదంటే నీదని నడిరోడ్డు మీద వాదించుకున్నాం. ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేక దగ్గర్లో ఉన్న కాఫీ హౌస్‌లోకి వెళ్లి కూర్చున్నాం. గంటన్నర పాటు ఒక్క మాట లేదు. అక్కడ ఒక్క కప్పు కాఫీ తీసుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమనరు, మనం అడిగితే తప్ప బిల్లు తేరు. ఎదురు టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కర్రకు బిగించిన న్యూస్‌పేపర్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతున్నారు. మా ఆయన ఆయన్నే చూస్తూ, ‘మా నాన్న కూడా ఇలాగే టెండరు నోటీసులతో సహా చదివేవాడు’ అన్నారు. ఆ తర్వాత వాళ్ల నాన్న గురించి, పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఎన్నడూ వినని సంగతులు ఆ సాయంత్రం విన్నాను. ఏడు దేశాల బస్సులో కూర్చుని ఉంటే ఆ గంటన్నర మాకు దొరికేది కాదు.

ప్యాకేజీ లెక్క కూడా చూడండి. పది రోజుల్లో రానూపోనూ రెండు రోజులు పోతాయి. మిగిలిన ఎనిమిది రోజుల్లో ఏడు దేశాలంటే రోజుకో దేశం. రాత్రి పెట్టె విప్పడం, పొద్దున సర్దడం, మధ్యాహ్నమంతా బస్సు కిటికీ. ప్యాకేజీల్లో మంచి లేదనను. మన భోజనం పెడతారు, భాషతో పని పడదు, పెట్టెలు వాళ్లే చూసుకుంటారు. నలుగురితో కలిసి తిరగడం ఇష్టమైనవాళ్లకి అది హాయి. మీరు మాత్రం ముప్ఫై ఏళ్లు పదిమందితోనే తిరిగారు. మీ ఉత్తరం చదివితే మీకు ఇప్పుడు కావలసింది అది కాదని తెలిసిపోతోంది.

పైగా మీరు కోరుకున్న రెండు ఊళ్లూ ఒకే నది ఒడ్డున ఉన్నాయి. జర్మనీలో పుట్టి నల్ల సముద్రంలో కలిసే డాన్యూబ్ వియన్నా దాటి, బుడాపెస్ట్ మధ్యలోంచి పారుతుంది. 1867 నుంచి 1918 దాకా ఈ రెండూ ఆస్ట్రియా–హంగరీ అనే ఒకే రాజ్యానికి జంట రాజధానులు. గోదావరి గట్టున జీవితం గడిపిన మనిషి, అందులోనూ నీటి ఇంజనీరు. మీవారికి ఇంతకంటే నప్పే ప్రయాణం నాకు తట్టడం లేదు. ‘రెండు ఊళ్లేనా?’ అని ఆయనే అంటే మాత్రం నేను ఇప్పుడు చెప్పబోయేది చదివి వినిపించండి.

వియన్నాలో దిగినవాళ్లు చాలామంది ఊరి నడుమ కనిపించే నీళ్లను చూసి అదే డాన్యూబ్ అనుకుంటారు. అది డాన్యూబ్ కెనాల్ అనే పాయ. అసలు నది కాస్త అవతల ఉంది. వరదలు ఊరిని ముంచెత్తుతుంటే 1870 నుంచి 1875 వరకు నదిని తిన్నగా చేసి కొత్త దారిలో పెట్టారు. అదీ చాలక 1972లో పక్కనే ఇంకో కాలువ తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన మట్టినంతా రెంటి మధ్యా పోస్తే 21 కిలోమీటర్ల పొడవున ఒక సన్నటి లంక తయారైంది. ఆ పని పూర్తయ్యేసరికి 1988 వచ్చింది. మామూలు రోజుల్లో ఆ కాలువ నిలవ నీటితో చెరువులా ఉంటుంది. వరదొస్తే గేట్లు తీసి నది నీటిని అందులోకి మళ్లిస్తారు. 2024 సెప్టెంబరు వరదల్లోనూ అలాగే చేశారు. ఆ లంక మీద ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు, ఈత కొడతారు. యూ1 మెట్రో ఎక్కితే నేరుగా లంక మీదే దిగుతారు. మెట్టపల్లాలు లేని దారి, కూర్చోవడానికి బెంచీలు. మామూలు టూరిస్టులు ఇటు రారు. మీవారిని మాత్రం ఒక సాయంత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఆయన చెబుతుంటే మీరు వినండి. ఏం మాట్లాడుకుంటామన్న బెంగ ఆ ఒక్క పూటకైనా ఉండదు.

కాఫీ హౌస్‌లో కాఫీతో పాటు చిన్న ట్రేలో ఒక గ్లాసు మంచినీళ్లు పెడతారు. ఆ నీళ్ల వెనకా కథ ఉంది. వియన్నా తాగే నీరు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తుంది. మొదటి లైను 1873లో, రెండోది 1910లో పూర్తయ్యాయి. కొండ నుంచి ఊరికి ఆ నీరు పంపులతో పని లేకుండా వాలుకే పారుతూ వస్తుంది. హోటల్ గదిలో కుళాయి నీళ్లే పట్టుకుని తాగండి. సీసాలు కొని డబ్బు పారేసుకోకండి.

ఇక వియన్నాలో ఏం చూడాలంటే, చూడాల్సినవి నెల రోజులైనా తరగవు. కాబట్టి రోజుకు ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు అని నియమం పెట్టుకోండి. షోన్‌బ్రున్ ప్యాలెస్‌కి ఒక పూట కేటాయించండి. 1,441 గదుల భవనం అది. మనకు చూపించేది 40 గదులే గనక భయపడక్కర్లేదు. పేరుమోసిన సంగీతకర్త మోట్సార్ట్ ఆరేళ్ల వయసులో, 1762లో, మహారాణి మరియా తెరీసా ముందు వాయించింది ఇక్కడే. టికెట్టు మీద లోపలికి వెళ్లే టైము ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో కొనండి. వెనక ఉన్న తోట మాత్రం ఉచితం. తోట చివర గుట్ట మీద గ్లోరియెట్ అనే మంటపం కనిపిస్తుంది, పైకి నడిచే దారి ఏటవాలు. మోకాలు సహకరిస్తే ఎక్కండి. లేకపోతే కింద నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర కూర్చుని చూసినా ఏమీ పోదు.

ఊరి మధ్య రింగ్‌స్ట్రాసె అనే గుండ్రటి రోడ్డుంది. ఒకప్పుడు అక్కడ కోటగోడ ఉండేది. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ గోడ కొట్టేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ జాగాలో రోడ్డు వేసి పార్లమెంటు, ఒపెరా, యూనివర్సిటీ, మ్యూజియాలు వరసగా కట్టారు. నడవక్కర్లేదు, మామూలు ట్రాములోనే ఇవన్నీ చూడొచ్చు. రోజంతా చెల్లే టికెట్టు ఒకటి కొనుక్కుని కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా ట్రామెక్కి కూర్చోండి. వియన్నా మెట్రో స్టేషన్లలో మనలా గేట్లుండవు, ఎవరూ టికెట్టు అడగరు. అలాగని టికెట్టు లేకుండా ఎక్కకండి. పేపరు టికెట్టయితే మొదటిసారి ఎక్కేముందు మిషన్లో ముద్ర వేయించాలి. చెకింగ్‌వాళ్లు మామూలు బట్టల్లో వస్తారు, ఫైను గట్టిగా ఉంటుంది.

అన్ని సలహాల్లోనూ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. రోజుకు రెండు గంటలు విడివిడిగా తిరగండి. వినడానికి వింతగా ఉన్నా చేసి చూడండి. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో బ్రూగెల్ అనే చిత్రకారుడి గది ఉంది. ‘వేటగాళ్లు మంచులో’ అని 1565లో వేసిన బొమ్మ ముందు నేను కదలకుండా నిలబడిపోయాను. మా ఆయనకు పది నిమిషాల్లో విసుగొచ్చింది. ‘మీరు వెళ్లి మీకు నచ్చింది చూడండి, నాలుగింటికి ఫలానా చోట కలుద్దాం’ అనేశాను. నాలుగింటికి కలిసినప్పుడు చెప్పుకోవడానికి ఇద్దరికీ కబుర్లున్నాయి. పొద్దస్తమానం పక్కపక్కనే ఉంటే ఇద్దరూ చూసేది ఒకటే, ఇంక చెప్పుకునేదేముంటుంది? మీరు నాష్‌మార్క్ట్ సంతలో పళ్లూ ఆలివ్‌లూ చూస్తూ తిరగండి, ఆయన మ్యూజియంలో ఉంటారు. ఫోన్లు ఇద్దరి దగ్గరా ఉండాలి, కలిసే చోటు పేరు ఒక కాగితం మీద రాసి ఇద్దరి జేబులోనూ పెట్టుకోవాలి. ఆ మ్యూజియం సెప్టెంబరులో సోమవారం ఉండదు, సంత ఆదివారం ఉండదు.

ఆదివారం సంగతి విడిగా చెప్పాలి. వియన్నాలో ఆదివారం దుకాణాలు, సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవే తెరుస్తారు. పాలు, బ్రెడ్డు, పళ్లు శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోండి. మేం తెలియక మొదటి ఆదివారం బిస్కెట్లతో గడిపాం.

తిండి గురించి కంగారు వద్దు, జాగ్రత్త మాత్రం కావాలి. వియన్నాలో సూపు అంటే చాలాచోట్ల గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లే. పైకి అందులో దోసె ముక్కల్లాంటివి తప్ప ఏమీ కనిపించవు. ‘ఓనే ఫ్లైష్’ అంటే మాంసం లేకుండా అని. సూపుల విషయంలో అది అడిగినా నమ్మకం పెట్టుకోకండి, మానేయడమే మేలు. చీజుతో కలిపిన కేజెష్పెట్స్‌లె అనే పిండివంటకం, యాపిల్ స్ట్రూడెల్, కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు మీరు నిశ్చింతగా తినొచ్చు. కేజెష్పెట్స్‌లెలోనూ, చివరిదాంట్లోనూ గుడ్డుంటుంది. ఒకపూట బయట తిని, రెండోపూట గదిలో వండుకోండి. అందుకే హోటల్ కన్నా చిన్న వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకోమంటాను. ఉప్మా రవ్వ, కందిపొడి, ఆవకాయ పెట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, కరివేపాకు మాత్రం పెట్టెలో వద్దు. బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ యూరప్‌లోకి తేకూడదు. పచ్చి ఆకులకూ సర్టిఫికెట్ అడుగుతారు.

అయిదు రాత్రులు వియన్నా, నాలుగు రాత్రులు బుడాపెస్ట్ పెట్టుకోండి. మధ్యలో రైలు. రైల్‌జెట్ అనే బండి వియన్నా హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి బుడాపెస్ట్ కెలెతి స్టేషన్‌కి రెండు గంటల నలభై నిమిషాల్లో చేరుస్తుంది. టికెట్టు ఎంత ముందు కొంటే అంత చవక. సీటు రిజర్వేషన్ విడిగా తీసుకోవాలి, తప్పనిసరి కాకపోయినా మీరు తీసుకోండి. బోగీ మధ్యలో పెట్టెలు పట్టుకుని నిలబడే అవస్థ తప్పుతుంది. ఇంకో మాట, విమానం టికెట్లు వియన్నాలో దిగి బుడాపెస్ట్‌లో ఎక్కేలా కొనండి. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు రెండు ఊళ్లకీ ఉన్నాయి. వెనక్కి వియన్నా రావడంతో ఒక రోజు వృథా చేసుకోకండి.

బుడాపెస్ట్ గురించి రాయాలంటే నాకు మనసు నిలవదు. వియన్నా కంటే ఎక్కువ ఇష్టపడ్డాను. వియన్నా తుడిచి పెట్టిన వెండి సామానులా ఉంటుంది. బుడాపెస్ట్‌లో గోడలు పెచ్చులూడి ఉంటాయి, కొన్ని భవనాల మీద ఇంకా తూటాల గుర్తులున్నాయి. కానీ సాయంత్రం నది మీద దీపాలు వెలిగాక అంత అందమైన ఊరు నేను చూడలేదు. గుట్టలున్న వైపు బుడా, చదునుగా ఉన్న వైపు పెస్ట్. రెంటినీ, వాటితో పాటు పాత బుడానూ కలిపి 1873లో ఒకే ఊరు చేశారు.

ఆ రెండు ఒడ్డుల్నీ కలిపిన చైన్ బ్రిడ్జి దగ్గర మీవారికి చెప్పాల్సిన కథ ఉంది. 1820లో ఇష్ట్వాన్ సెచెనీ అనే జమీందారు తండ్రి చనిపోయాడు. చలికాలం, నది దాటే వీలు లేదు. అంత్యక్రియలకు వెళ్లాల్సిన కొడుకు ఒడ్డునే వారం రోజులు చిక్కుపడ్డాడంటారు. ఇక్కడ వంతెన కట్టించి తీరాలని ఆయన పట్టుబట్టాడు. విలియం టియర్నీ క్లార్క్ అనే ఇంగ్లీషు ఇంజనీరు నమూనా గీస్తే, ఆడమ్ క్లార్క్ అనే స్కాట్లండ్ ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు. పేర్లు కలిసినా వాళ్లు బంధువులు కారు. 1849లో వంతెన తెరిచారు. సరిగ్గా అప్పుడే మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని సాగుతోంది, అది 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆడమ్ క్లార్క్ హంగరీ పిల్లను పెళ్లి చేసుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. మనం కాటన్ దొరను తలుచుకున్నట్టు వాళ్లు ఆయన్ని తలుచుకుంటారు, వంతెన అవతలి కూడలికి ఆయన పేరే. 1945లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం ఆ వంతెనను పేల్చేసింది. మొదట తెరిచిన సరిగ్గా నూరేళ్లకు, 1949లో మళ్లీ నిలబెట్టారు. దాని మీద నిదానంగా నడిచి దాటండి.

బుడా గుట్ట మీదికి నడవొద్దు. పెస్ట్‌లో దెయాక్ కూడలి దగ్గర 16 నంబరు బస్సెక్కితే కోట లోపలే దింపుతుంది. ఫిషర్‌మెన్స్ బాస్టియన్ అనే తెల్లటి బురుజుల నుంచి చూస్తే ఎదురుగా నది, అవతల పార్లమెంటు. పొద్దున ఎనిమిదికి ముందే వెళ్తే జనం ఉండరు. పార్లమెంటు గోపురం ఎత్తు 96 మీటర్లు, సెయింట్ స్టీఫెన్ చర్చిదీ అంతే. హంగరీ జాతి ఈ గడ్డ మీద 896లో అడుగుపెట్టిందని వాళ్లు లెక్క వేసుకున్నారు, ఆ 96ను అలా గుర్తు పెట్టుకున్నారు. పార్లమెంటు లోపల చూడాలంటే టికెట్లు వారాల ముందే కొనాలి. అన్నట్టు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో పుట్టింది ఈ ఊళ్లోనే, తల్లి హంగరీ ఆవిడ.

పార్లమెంటు నుంచి కొద్దిగా కిందికి నడిస్తే గట్టు అంచున ఇనుప చెప్పులూ బూట్లూ కనిపిస్తాయి. మగవాళ్లవి, ఆడవాళ్లవి, పిల్లలవి, మొత్తం 60 జతలు. 1944–45 చలికాలంలో యూదుల్ని ఇక్కడికి తెచ్చి, బూట్లు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. ఆ జ్ఞాపకంగా 2005లో వీటిని పెట్టారు. అక్కడ ఫోటోలకు నిలబడకండి. కాసేపు ఊరికే ఉండండి.

మోకాళ్ల గురించి అడిగారు కదా. బుడాపెస్ట్ కింద వందకు పైగా వేడినీటి ఊటలున్నాయి. 1913లో తెరిచిన సెచెనీ స్నానశాలలో ఆరుబయట వేడినీళ్ల కొలనులుంటాయి, పైన ఆకాశం, చుట్టూ పసుపురంగు భవనం. ముసలివాళ్లు నడుములోతు నీళ్లలో నిలబడి చదరంగం ఆడుతుంటారు. ఆడా మగా కలిసే దిగుతారు. మీకు బిడియంగా ఉంటుందని తెలుసు, నాకూ ఉంది. చుడీదార్‌తో దిగనివ్వరు, ఈతకోసం కుట్టిన బట్టలే ఉండాలి. చేతులూ కాళ్లూ కప్పే ఈత దుస్తులు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, కొనుక్కుని వెళ్లండి. రబ్బరు చెప్పులు, తువ్వాళ్లు కూడా. లోపలికి వెళ్లాక మీ వంక చూసేవాళ్లెవరూ ఉండరు, ఎవరి నొప్పులు వాళ్లవి. బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి, ఒక్కసారిగా ఇరవై నిమిషాలు మించి ఉండొద్దు. మామూలు రోజు, పొద్దున్నే వెళ్లండి. ఆ స్నానశాలకు తీసుకెళ్లే చిన్న పసుపు మెట్రో 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటిది. రోడ్డు కిందే ఉంటుంది కాబట్టి కొద్ది మెట్లే. మిగతా పాత లైన్లు చాలా లోతు, వాటి ఎస్కలేటర్లు మనవాటికంటే వేగంగా తిరుగుతాయి. ఆయన చెయ్యి పట్టుకోండి.

భాష వినగానే ఏమీ అర్థం కాదు, కానీ హంగేరియన్ మీద నాకు చుట్టరికం లాంటి అభిమానం కలిగింది. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత రాస్తారు. మన ‘లో’, ‘కి’, ‘తో’ లాగే వాళ్ల ప్రత్యయాలూ మాట చివరే అతుక్కుంటాయి. ‘మాంసం లేకుండా’ అనడానికి ‘హూష్ నేల్క్యుల్’ అంటారు. హూష్ అంటే మాంసం, నేల్క్యుల్ అంటే లేకుండా. మన వరసే! ఈ ఒక్క మాటా కంఠతా పట్టండి. కూరగాయల్ని చిక్కగా ఉడికించే ఫొజెలేక్‌ని చూస్తే మన పప్పుకూర గుర్తొస్తుంది, దాని మీద మాంసం పెట్టకుండా ఉండాలంటే ఆ మాట అనాలి. పులిసిన పిండిని నూనెలో వేయించి వెల్లుల్లి రాసి, పుల్లటి మీగడ, చీజు వేసి ఇచ్చే లాంగోష్ మీకు నచ్చి తీరుతుంది. పెద్ద మార్కెట్ హాల్లో ఎర్రటి కారం పొట్లాలు వేలాడుతుంటాయి. గుంటూరు కారం అలవాటైనవాళ్లకి అది రంగే తప్ప ఘాటు కాదు. ఆ మిరప నుంచే సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రవేత్త విటమిన్ సి దండిగా తీశాడు, 1937లో నోబెల్ కూడా వచ్చింది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రియాలో యూరో, హంగరీలో ఫోరింట్. కాఫీకి వెయ్యి ఫోరింట్లు అన్నారని బెదరకండి, అక్కడి లెక్క అంతే. దాదాపు అన్నిచోట్లా కార్డు పనిచేస్తుంది. మిషన్ ‘రూపాయల్లో కట్టమంటారా, ఫోరింట్లలోనా’ అని అడిగితే ఎప్పుడూ అక్కడి డబ్బులోనే అనండి. రూపాయలు అంటే నష్టపోతారు. విమానాశ్రయంలో డబ్బు మార్చుకోవద్దు. బుడాపెస్ట్‌లో రోడ్డు మీద ఆగి పిలిచే ట్యాక్సీ ఎక్కొద్దు, యాప్‌లోనే పిలవండి.

వీసా షెంగెన్ వీసా, ఒక్కటే చాలు, రెండు దేశాలకూ చెల్లుతుంది. ఎక్కువ రాత్రులు వియన్నాలో కాబట్టి ఆస్ట్రియా వీసాకే దరఖాస్తు చేయాలి. ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, మీరు జూన్‌లోనే పెట్టండి. ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరు. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. వేలిముద్రలకు ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. ఆయన పెన్షన్ ఆర్డరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, రెండు ఊళ్లలో బస చేసే చోట్ల బుకింగులు ఒకదానికొకటి సరిపోయేలా చూసుకోండి. ఖర్చు పిల్లలు పెడుతున్నారు కాబట్టి వాళ్ల ఉత్తరం, వాళ్ల బ్యాంకు కాగితాలు కూడా జతచేయండి. అబ్బాయి ఆఖరి నిమిషంలో మీ అకౌంట్లో పెద్ద మొత్తం వేస్తానంటే వద్దనండి, అది అనుమానానికి తావిస్తుంది.

ఇంగ్లీషు అంతంతమాత్రమని వెనకాడకండి. వాళ్లలోనూ చాలామందికి అది నేర్చుకున్న భాషే, నిదానంగానే మాట్లాడతారు. ఫోన్లో అనువాదం ఉంది. అపార్ట్‌మెంటు తీసుకునేటప్పుడు మాత్రం లిఫ్టు ఉందో లేదో తప్పకుండా అడగండి, బుడాపెస్ట్ పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. కొత్త బూట్లు కొంటే రెండు నెలల ముందే కొని గోదావరి గట్టు మీద పొద్దున్నే ఇద్దరూ కలిసి నడవండి. టికెట్లు, డబ్బు మీ సంచిలో ఉండనివ్వండి. దారి చూడడం ఆయనకి అప్పగించండి. దారి తప్పితే ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదని బయల్దేరేముందే మాట తీసుకోండి.

చివరి రాత్రి ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. పెస్ట్ వైపు 2 నంబరు ట్రాము నది గట్టు వెంటే నడుస్తుంది. చీకటి పడ్డాక పార్లమెంటుకి ఉత్తరాన ఉన్న యాసయి మారి కూడలిలో ఎక్కండి, అక్కడే బయల్దేరుతుంది గనక సీటు దొరుకుతుంది. దక్షిణంగా పోతుంటే నది కుడివైపున వస్తుంది. కిటికీ పక్క సీటు మీరు తీసుకోండి.